దీవుల టూరుకి ఏ సీజన్ మంచిది? గాలిని చూసి ఎంచుకోవడం ఎలా

కొన్నేళ్ల కిందట మే చివరి వారంలో మా ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్లాం. తిరుపతిలో ఎండ నలభై దాటింది, పిల్లలకు సెలవులు, పైగా ప్యాకేజీ దాదాపు సగం ధరకే దొరికింది. అంత తక్కువకు ఎందుకిస్తున్నారని అడగాలన్న ఆలోచనే రాలేదు. స్వరాజ్ ద్వీప్‌లో (పాత పేరు హావ్‌లాక్) దిగిన సాయంత్రం మొదలైన వాన మూడో రోజుకి గానీ తెరిపివ్వలేదు. రాధానగర్ బీచ్‌లో మేం చూసింది బూడిదరంగు అలలు, ఇసుకలో పాతిన ఎర్రజెండా. లాడ్జి వరండాలో, ఎంతకీ ఆరని తువ్వాళ్ల కింద కూచుని మా అమ్మ అంది: "వాన చూడాలంటే కార్తీకంలో మనింటి వసారాలో కూచుంటే సరిపోయేది గదా నాయనా, దీనికింత ఖర్చా?"

అప్పట్నుంచి ఎవరు దీవుల టూరు అన్నా నేను మొదట అడిగేది "ఏ నెలలో?" అని. చాలామంది ముందు దీవిని అనుకుని తర్వాత నెల వెతుకుతారు. బడి పిల్లలు, షాపు, పండగలు ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. నెల మన చేతిలో ఉండదు. దీవి ఉంటుంది.

1. ముందు మీ ఖాళీ రోజులు రాసుకోండి

గోడకున్న క్యాలెండర్ దించి, వెళ్లలేని రోజులన్నీ కొట్టేయండి. తిరుపతిలో లాడ్జీ, హోటల్, ట్యాక్సీ నడిపేవాళ్లకి బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి రోజుల్లో ఊరు కదలడం కుదరదు. మేలో గంగమ్మ జాతర ఉంటుంది. ఆ వారం ఇల్లు వదిలి వస్తానని మా ఇంట్లో ఎవరూ అనరు. ఇవి పోగా మిగిలేవి వేసవి సెలవులు, దసరా సెలవులు, సంక్రాంతి నాలుగు రోజులు. బడి గోల లేనివాళ్లు మాత్రం ఫిబ్రవరి, మార్చి నెలలకు గుండ్రం చుట్టి పెట్టుకోండి. ఎందుకో చెబుతాను.

2. గాలి లెక్క అర్థం చేసుకోండి

ఇదొక్కటి ఓపిగ్గా చదివితే మిగతాదంతా సులువు. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న దీవుల్లో మనకున్నట్టు ఎండాకాలం, చలికాలం అని పెద్ద తేడా ఉండదు. ఏడాది పొడుగునా వెచ్చగానే ఉంటుంది. తేడా అంతా వానలోనూ, సముద్రం ఎంత అల్లకల్లోలంగా ఉందన్నదాంట్లోనే. ఆ రెండింటినీ నడిపేది గాలి ఎటు నుంచి వీస్తుందన్నది.

మన ఊరినే చూడండి. జూన్‌లో నైరుతి గాలులు వచ్చి కేరళ తడిసి ముద్దవుతుంటే, పడమటి కనుమల ఇవతల ఉన్న మనకు అందేది తక్కువ. అదే అక్టోబరు దాటాక గాలి తిరిగి ఈశాన్యం నుంచి, అంటే బంగాళాఖాతం మీదుగా వస్తుంది. అప్పుడు మన వంతు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు కదా.

శ్రీలంకలో కథ ఇదే, సైజు చిన్నది. మధ్యలో కొండలున్నాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి గాల్ (Galle), బెంతోట, మిరిస్సా ఊళ్లున్న నైరుతి తీరం తడుస్తుంది. అవే నెలల్లో తూర్పున ట్రింకోమలీ, అరుగం బే పొడిగా, హాయిగా ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా పశ్చిమ, దక్షిణ తీరాలకు మంచి కాలం. "శ్రీలంకకు ఏ సీజన్ మంచిది?" అన్న ప్రశ్నే సగం తప్పు. ఏ తీరానికి అని అడగాలి. థాయిలాండ్‌లోనూ అంతే. పడమటి వైపున్న ఫుకెట్‌కి నవంబరు నుంచి ఏప్రిల్ మంచిది. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్ వైపున్న కో సముయ్‌కి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు.

ఇంకో మెలిక ఉంది. భూమధ్యరేఖ దాటి దక్షిణానికి వెళ్తే లెక్క తిరగబడుతుంది. బాలీలో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం, నవంబరు నుంచి మార్చి దాకా వాన. మారిషస్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం, అందులోనూ జనవరి నుంచి మార్చి వరకు భయం ఎక్కువ. మారిషస్‌లో తెలుగువాళ్లు తరాలుగా ఉన్నారు, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు కూడా. ఆ పండగ అక్కడే చూడాలని ముచ్చట పడితే, అది తుఫాన్ల కాలం చివర్లో పడుతుందని తెలిసే వెళ్లండి.

3. మీ నెలకు దీవిని జత చేయండి

జనవరి నుంచి మార్చి దాకా మీకు వీలుంటే అదృష్టవంతులు. అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు, శ్రీలంక దక్షిణ తీరం, ఫుకెట్ అన్నీ మీవే. నన్నడిగితే ఫిబ్రవరిలో అండమాన్‌కే నా ఓటు: సముద్రం నిలకడగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి, స్నార్కెలింగ్‌లో (గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటిపైన ఈదడం) అడుగున పగడాలు స్పష్టంగా కనిపిస్తాయి. లక్షద్వీప్‌కి పర్మిట్ కావాలి, అందుకని ముందే మొదలుపెట్టాలి.

ఏప్రిల్ చివర, మే మొదట్లో అయితే అండమాన్ ఇంకా పర్వాలేదు. మే రెండో సగంలో వద్దు. కేరళకు జూన్ 1 ప్రాంతంలో చేరే రుతుపవనాలు అండమాన్‌ను అంతకు పది రోజుల ముందే తడిపేస్తాయి. ఈ ఒక్క ముక్క తెలియకే మేం మునిగింది. వేసవి సెలవులు తప్ప వేరే దారి లేనివాళ్లు బాలీ గానీ, శ్రీలంక తూర్పు తీరం గానీ, మారిషస్ గానీ చూసుకోండి. మే తర్వాత మారిషస్‌లో చలికాలం, మనకు ఆ చల్లదనమే కావాలి. కాకపోతే అక్కడ ఆ నెలల్లో ఆగ్నేయం నుంచి గాలి గట్టిగా వీస్తుంది. గది పడమటి వైపు, ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ లాంటి చోట తీసుకుంటే గాలి బాధ తక్కువ.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాల్దీవుల్లో వాన కాలం, రేట్లు దిగుతాయి. అయితే సముద్రంలోకి దిగే సరదా ఉన్నవాళ్లకి అది మంచి సమయం కూడా. ఆ నెలల్లో ప్లవకాలు (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పెరిగి, వాటిని తినడానికి బా అటాల్‌లోని (అటాల్ అంటే పగడపు దీవుల వలయం) హనిఫారు బే దగ్గర మాంటా రే చేపలు గుంపులుగా చేరతాయి. ఎండలో పడుకోవడానికి వెళ్లేవాళ్లకి ఇది చెడు సీజన్, చేపల కోసం వెళ్లేవాళ్లకి మంచి సీజన్. మీరేం కోరుకుని వెళ్తున్నారో దాన్నిబట్టి.

దసరా సెలవులకు నా దగ్గర బాలీ, మారిషస్ తప్ప పెద్దగా సమాధానం లేదు.

4. ఎయిర్‌పోర్టు దాకా ఉన్న వాతావరణం కూడా చూడండి

దీనిని అందరూ మర్చిపోతారు. దీవిలో ఎండ కాస్తున్నా మనం చెన్నై చేరలేకపోతే ఏం లాభం? 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుఫాను దెబ్బకి చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే మీద నీళ్లు నిలిచి విమానాలు ఆగిపోయాయి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ప్రయాణమైతే, పుత్తూరు, నగరి మీదుగా చెన్నైకి అర్ధరాత్రి బయల్దేరే టెన్షన్ కన్నా ఒకరోజు ముందే వెళ్లి ఉండటం మేలు. చిత్తూరు, పలమనేరు వైపువాళ్లకి బెంగళూరు ఎయిర్‌పోర్టు ఉండనే ఉంది; ఆ నెలల్లో తుఫాను దెబ్బ అక్కడ తక్కువ. టికెట్ వెయ్యో రెండు వేలో ఎక్కువైనా నేను అటే వెళ్తాను.

5. తక్కువ రేటు చూసి తొందరపడకండి

క్రిస్మస్, కొత్త సంవత్సరం రోజుల్లో ఎక్కడైనా రేట్లు మండిపోతాయి, బాలీలో జూలై, ఆగస్టు కూడా అంతే. సీజన్ మొదట్లోనో చివర్లోనో వెళ్తే వాతావరణం దాదాపు అదే, రేటు తక్కువ: బాలీకి ఏప్రిల్ చివర, మే, మాల్దీవులకు ఏప్రిల్. నడి వానాకాలంలో మాత్రం బేరం దొరికినా ఒక్క ప్రశ్న అడక్కుండా డబ్బు కట్టొద్దు: "వాతావరణం వల్ల బోటు రద్దయితే ఆ రాత్రి గది ఖర్చు ఎవరిది?" జవాబు నోటిమాటగా కాదు, వాట్సాప్‌లో రాయించుకోండి.

బాలీకి మార్చిలో వెళ్లేవాళ్లు న్యేపి ఎప్పుడో చూసుకోండి. వాళ్ల శక సంవత్సరాది అది, కొన్నేళ్లు మన ఉగాది దగ్గర్లోనే పడుతుంది. ఆ ఒక్కరోజు ఎయిర్‌పోర్టుతో సహా అంతా మూసేస్తారు, హోటల్ దాటి బయటికి రానివ్వరు.

6. నెల కుదిరాక తిథి చూడండి

నవ్వొద్దు, పంచాంగం ఇక్కడ నిజంగా పనికొస్తుంది. స్వరాజ్ ద్వీప్‌లో చీకటి రాత్రుల్లో నీళ్లలో చెయ్యి ఆడిస్తే నీలంగా మెరుస్తుంది. అది సూక్ష్మజీవుల వెలుగు. వెన్నెల ఉంటే కనిపించదు. అండమాన్‌లోనే ఉన్న షహీద్ ద్వీప్‌లో (పాత పేరు నీల్) సముద్రం తొలిచిన రాతి వంతెన దగ్గరికి నడవాలంటే నీళ్లు బాగా వెనక్కి తగ్గాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంత ఎక్కువో ఆటు కూడా అంత లోతుగా ఉంటుంది. రెండూ కావాలంటే అమావాస్యకు అటూ ఇటూ రోజులు చూసుకోండి. అమావాస్య ప్రయాణం వద్దని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే, రెండు రోజుల ముందు బయల్దేరితే సరి.

7. చివరి వారం

బయల్దేరే వారం నుంచి రోజూ వాతావరణ శాఖ బులెటిన్ చూడండి. అల్పపీడనం అంటే గమనిస్తూ ఉండాలి, వాయుగుండం అంటే హోటల్‌కి ఫోన్ చేయాలి, తుఫాను అంటే తేదీ మార్చుకోవాలి.

ప్లాన్‌లో దూరంగా ఉన్న దీవిని ముందు పెట్టుకోండి. చివరి రెండు రాత్రులు ఎయిర్‌పోర్టు ఉన్న ఊళ్లోనే, అంటే అండమాన్ అయితే ఇప్పుడు శ్రీ విజయ పురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఉండండి. ఫెర్రీ ఒకరోజు ఆగినా ఫ్లైటు అందుతుంది. మేం ఆ మేలో సరిగ్గా తిరగేసి చేశాం. చివరి రాత్రి స్వరాజ్ ద్వీప్‌లో పెట్టుకున్నాం. చెన్నై ఫ్లైటు టైముకి వెళ్లిపోయింది, మేం ఆ వరండాలోనే ఉన్నాం, ఆరని తువ్వాళ్ల కింద.