మ్యాచ్ చదవడం నేర్చుకుందాం – 5వ పాఠం: ఎవరి ఖాళీని ఎవరు పూడుస్తారు?

పోయిన పాఠం చివర్లో ఒక పని ఇచ్చాను. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్లో ఫ్రాన్స్‌తో ఆడిన అర్జెంటీనా మొదటి పదకొండు మందిని కాగితం మీద రాసి, వాళ్ళు ఏ ఆకారంలో ఆడారో గీయమన్నాను. మీరు పంపినవి ఒక్కటీ వదలకుండా చూశాను. కొందరు 4-3-3 (వెనక నలుగురు, మధ్యలో ముగ్గురు, ముందు ముగ్గురు) అన్నారు, కొందరు 4-4-2 అన్నారు, ఆ తర్వాత మీలో మీరే వాదించుకున్నారు. అందుకని ఈ వారం చెప్తానన్న కార్నర్ కిక్కుల పాఠం పక్కన పెడుతున్నాను. దీన్ని సరిచేయకుండా ముందుకు వెళ్తే ఆ తర్వాత చెప్పేదేదీ నిలబడదు.

ముందే చెప్తున్నా, మీరు రాసిన రెండూ కరెక్టే. తప్పు ప్రశ్నలో ఉంది. బంతి మన దగ్గర ఉన్నప్పుడు ఏ ఆకారం, లేనప్పుడు ఏ ఆకారం అని విడదీసి అడగాల్సింది, నేను అడగలేదు.

పొజిషన్ల పేర్లు, ఆఫ్‌సైడ్ లాంటివి మళ్ళీ చెప్పను, అవి మీకు వచ్చేశాయి. కానీ ఈ అంకెల సంగతి మాత్రం ఎన్నిసార్లయినా చెప్తాను, ఎందుకంటే ఫుట్‌బాల్ బాగా చూసేవాళ్ళు కూడా ఇక్కడే చిక్కుకుంటారు. మ్యాచ్‌కి ముందు టీవీలో లైనప్ వేసి పైన 4-3-3 అని చూపిస్తారు కదా, అది బస్సు మీది బోర్డు లాంటిది. బస్సు ఏ ఊరు వెళ్తుందో చెప్తుంది గానీ దారిలో ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ మలుపు తిరుగుతుందో చెప్పదు. జట్టు తొంభై నిమిషాల్లో వందసార్లు ఆకారం మారుస్తుంది. కోచ్ ఆలోచనంతా ఆ మార్పుల్లోనే ఉంటుంది. "వాళ్ళు 4-3-3 ఆడారు కాబట్టి గెలిచారు" అని ఎవరైనా అంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ మాటతో అసలు చూడాల్సినదంతా చూడటం మానేస్తాం.

ఫైనల్నే తీసుకోండి. బంతి అర్జెంటీనా దగ్గర ఉన్నప్పుడు డి మరియా ఎడమ గీతకి అంటుకుని నిలబడ్డాడు, మెస్సీ కుడివైపు నుంచి లోపలికి వచ్చాడు, జూలియన్ అల్వారెజ్ ముందున్నాడు. లెక్కేస్తే 4-3-3. బంతి పోగానే డి మరియా వెనక్కొచ్చి మెకాలిస్టర్, ఎంజో ఫెర్నాండెజ్, డి పాల్ ఉన్న వరసలో కలిశాడు. ముందు మెస్సీ, అల్వారెజ్ ఇద్దరే మిగిలారు. లెక్కేస్తే 4-4-2. అదే మనుషులు, అదే నిమిషం, మధ్యలో మూడు నాలుగు సెకన్లు. ఆ మూడు నాలుగు సెకన్లలో ఎవరు ఎటు పరుగెత్తారో చూడటమే మ్యాచ్ చదవడమంటే.

నా పద్ధతి ఒకటుంది. మ్యాచ్ మళ్ళీ చూసేటప్పుడు రెండుచోట్ల ఆపుతాను. ఎదుటి గోల్‌కీపర్ గోల్ కిక్ కొట్టబోతున్నప్పుడు ఒకసారి, మన సెంటర్‌బ్యాక్ (వెనక మధ్యలో ఆడే డిఫెండర్) బంతితో తీరిగ్గా నిలబడినప్పుడు ఒకసారి. మొదటిచోట మన జట్టు బంతి లేని ఆకారం దొరుకుతుంది, రెండోచోట బంతి ఉన్న ఆకారం. వెనక నుంచి ముందుకి లెక్కపెట్టాలి, ముందు నుంచి వెనక్కి కాదు. కామెంటరీ కూడా మ్యూట్‌లో పెడతాను, కామెంటేటర్ ఎప్పుడూ బంతి ఉన్నవాడి గురించే మాట్లాడతాడు, మన కన్ను కూడా అటే పోతుంది.

ఇంకొకటి, ఇది కాస్త చిన్నపిల్లల పనిలా అనిపించినా చేయండి. నేను మంచం మీద పచ్చ దుప్పటి పరిచి క్యారమ్స్ కాయలు పెడతాను. తెల్లవి మనవాళ్ళు, నల్లవి ఎదుటివాళ్ళు, ఎర్ర కాయ బంతి. కాయలు తొమ్మిదేసి మాత్రమే ఉంటాయి కాబట్టి పదోవాడికి చెరో చొక్కా బొత్తాం. గోల్‌కీపర్లను పెట్టను. ఇప్పుడు మన ఎడమ ఫుల్‌బ్యాక్ (వెనక వరసలో ఎడమ చివర ఆడేవాడు) కాయని వేలితో ముందుకి తోయండి, సగం గీత దాటేదాకా. వెనక జానెడు ఖాళీ కనిపిస్తుంది. దుప్పటి పచ్చదనం తప్ప అక్కడ ఏమీ ఉండదు. ఆ ఖాళీలోకి ఏ కాయని జరుపుతారు? దాన్ని జరిపితే కొత్త ఖాళీ ఎక్కడ వచ్చింది? ఈ రెండు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగితే జట్టు ఎంపిక గురించి మాట్లాడే అర్హత వచ్చినట్టే.

ఇప్పుడు మీ రెండో తప్పుకి వస్తాను. "నేనైతే ఈ పదకొండు మందిని ఆడిస్తాను" అని చాలామంది అడక్కుండానే సొంత జట్లు పంపారు. అందులో ఒకటి: మెస్సీ, డి మరియా, డిబాలా, లౌటారో మార్టినెజ్, అల్వారెజ్, ఐదుగురూ ఉన్నారు. అందరూ గొప్ప ఆటగాళ్ళే. కాయలు పెట్టి చూడండి, ఐదూ ముందే ఉంటాయి. బంతి పోయిన మరుక్షణం వెనక్కి పరుగెత్తేది ఎవరు? పెళ్లికి వంటవాళ్ళందర్నీ స్వీట్లు చేసేవాళ్ళనే పిలిస్తే అన్నం ఎవరు వండుతారు?

అలాంటి ఇబ్బందే అర్జెంటీనాకి మొదటి మ్యాచ్‌లో ఎదురైంది. 2022 నవంబర్ 22న సౌదీ అరేబియాతో మ్యాచ్, మనకి మధ్యాహ్నం మూడున్నరకి మొదలైంది. ముందు లౌటారో, అతని వెనక మెస్సీ, డి మరియా, పాపు గోమెజ్. మధ్యలో డి పాల్, పరేడెస్ ఇద్దరే. అంతకుముందు మిడ్‌ఫీల్డ్‌నీ ముందువాళ్ళనీ కలిపే పని ఎక్కువగా లో సెల్సో చేసేవాడు, గాయం వల్ల అతను ప్రపంచకప్‌కే రాలేదు. పదో నిమిషంలో మెస్సీ పెనాల్టీతో ఆధిక్యం వచ్చింది. ఆ తర్వాత మొదటి సగంలోనే మూడు గోల్స్ ఆఫ్‌సైడ్ కింద (బంతి అందించే క్షణానికే డిఫెండర్లను దాటి ముందుకి వెళ్ళిపోయారని) రద్దయ్యాయి. సౌదీ డిఫెండర్లు ధైర్యంగా సగం గీత దగ్గరిదాకా వచ్చి నిలబడ్డారు. ఆ వెనకున్న ఖాళీలోకి దూరాలని అర్జెంటీనావాళ్ళు పదేపదే ముందుగా పరుగెత్తి దొరికిపోయారు. నా ఉద్దేశంలో తప్పు పరుగులది ఒక్కటే కాదు, సరైన క్షణంలో బంతి అందించే మూడోవాడు మధ్యలో లేడు. రెండో సగం మొదలవగానే 48, 53 నిమిషాల్లో రెండు గోల్స్ పడ్డాయి, 2-1తో మ్యాచ్ పోయింది. 36 మ్యాచ్‌లుగా ఓటమి లేని జట్టు అది.

ఇక్కడ అర్జెంటీనా కోచ్ స్కలోని చేసిందే నాకు ఈ ప్రపంచకప్‌లో అన్నిటికంటే ఇష్టం. మెక్సికోతో ఐదు మార్పులు చేశాడు. అయినా మొదటి గంట ఆట కదల్లేదు. 57వ నిమిషంలో ఎంజో ఫెర్నాండెజ్ వచ్చాడు, 21 ఏళ్ళ కుర్రాడు. కొద్ది నిమిషాలకే లౌటారో స్థానంలో అల్వారెజ్ వచ్చాడు. 64వ నిమిషంలో మెస్సీ, 87వ నిమిషంలో ఎంజో గోల్ కొట్టారు. తర్వాతి మ్యాచ్ పోలండ్‌తో, అందులో ఎంజో, మెకాలిస్టర్, అల్వారెజ్ ముగ్గురూ మొదటి నుంచీ ఆడారు, గోల్స్ కొట్టింది మెకాలిస్టర్, అల్వారెజ్. అక్కడి నుంచి ఫైనల్ దాకా డి పాల్, ఎంజో, మెకాలిస్టర్ ముగ్గురినీ ఒక్క మ్యాచ్‌లో కూడా మొదటి జట్టులోంచి తీయలేదు.

లౌటారో అప్పటికి అల్వారెజ్ కంటే పెద్ద పేరు. మరి అతన్నెందుకు కూర్చోబెట్టాడు? మెస్సీ బంతి లేనప్పుడు నడుస్తాడు, అందరికీ తెలుసు, నడుస్తూనే ఎక్కడ ఖాళీ ఉందో చూసుకుంటాడు. అతన్ని అలా నడవనివ్వాలంటే ఆ పరుగు ఇంకెవరో పరుగెత్తాలి. వెనక డి పాల్, ముందు అల్వారెజ్. ఆస్ట్రేలియా మ్యాచ్‌లో రెండో గోల్ మళ్ళీ చూడండి, 57వ నిమిషం. ఆస్ట్రేలియా గోల్‌కీపర్ కాళ్ళ దగ్గర బంతి ఉంది. ముందు డి పాల్ అతని మీదికి దూసుకొచ్చాడు, గోల్‌కీపర్ తడబడి పక్కకి జరిపేలోపు అల్వారెజ్ బంతి లాక్కుని ఖాళీ గోల్‌లోకి తోశాడు. ఆ గోల్‌లో మెస్సీ బంతిని తాకలేదు. కానీ మెస్సీ కోసం ఎంపిక చేసిన ఇద్దరు కలిసి కొట్టిన గోల్ అది. జట్టు ఎంపిక అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఇదే.

అందుకే ఈ పాఠంలో ఒకే ఒక పద్ధతి నేర్పుతున్నాను. జట్టు రాసేటప్పుడు ప్రతి పేరు పక్కన ఇంకో పేరు రాయండి. ఇతను ముందుకి వెళ్తే ఇతని చోటు చూసుకునేది ఎవరు? మెస్సీ పక్కన డి పాల్. డి పాల్ ముందుకి దూకితే మధ్యలో ఎంజో. ఎడమ ఫుల్‌బ్యాక్ పైకెళ్తే మెకాలిస్టర్. ఏ పేరు పక్కనైనా రాయడానికి ఎవరూ దొరక్కపోతే జట్టు అక్కడ చిరిగిందన్నమాట, ఎదుటి కోచ్ అక్కడే చెయ్యి పెడతాడు. ఒకే పేరు మూడుచోట్ల రాయాల్సి వస్తే అతను అరవయ్యో నిమిషానికి అలసిపోతాడు.

మిగతా మ్యాచ్‌లు త్వరగా చెప్పేస్తాను. నెదర్లాండ్స్‌తో స్కలోని లిసాండ్రో మార్టినెజ్‌ని మూడో సెంటర్‌బ్యాక్‌గా దింపాడు, దాంతో మొలినా, అకునా రెండు పక్కలా పైకి ఆడగలిగారు. నెదర్లాండ్స్ కుడివైపు డమ్‌ఫ్రీస్ అంతకుముందు మ్యాచ్‌లో అమెరికా మీద ఒక గోల్ కొట్టి, రెండు గోల్స్‌కి బంతి అందించాడు, అతనికి ఎదురుగా పెట్టింది అకునాని. మొలినా పైకెళ్ళి మొదటి గోల్ కొట్టాడు, డమ్‌ఫ్రీస్ అకునాని పడగొట్టడంతో రెండో గోల్‌కి పెనాల్టీ వచ్చింది. క్రొయేషియాతో మధ్యలో మోద్రిచ్, బ్రోజోవిచ్, కోవాచిచ్ ఉంటారని పరేడెస్‌ని నాలుగో మిడ్‌ఫీల్డర్‌గా తెచ్చాడు, 3-0.

ఫైనల్లో ఎక్కువగా కుడివైపు ఆడే డి మరియాని ఎడమవైపు పెట్టాడు. ఫ్రాన్స్ ఫార్వర్డ్ ఎంబాపె ఉన్న వైపే అందరి భయం, ఆట మాత్రం రెండోవైపు నడిచింది. డి మరియాని ఆపబోయి డెంబెలే ఫౌల్ చేశాడు, పెనాల్టీ. 36వ నిమిషంలో మెస్సీ నుంచి అల్వారెజ్‌కి, అల్వారెజ్ నుంచి పరుగెత్తుకొస్తున్న మెకాలిస్టర్‌కి, అక్కడి నుంచి ఎడమవైపు ఒంటరిగా ఉన్న డి మరియాకి, 2-0. 41వ నిమిషంలోనే ఫ్రాన్స్ కోచ్ దెషాంప్ జిరూనీ డెంబెలేనీ తీసేశాడు. 64వ నిమిషంలో డి మరియాని తీసి అకునాని దింపారు, ఇక్కడ నేను స్కలోనితో ఏకీభవించను. డి మరియా పూర్తి ఫిట్‌గా లేడు, క్రొయేషియా మ్యాచ్ ఆడనే లేదు, అదంతా నిజమే. కానీ అతను ఉన్నంతసేపూ ఫ్రాన్స్ కుడి ఫుల్‌బ్యాక్ కూండే పైకి రావడానికి వెనకాడాడు. ఆ భయం పోయింది. 80, 81 నిమిషాల్లో ఎంబాపె రెండు కొట్టాడు. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, రెండో గోల్‌కి ముందు కొమాన్ మెస్సీ దగ్గర బంతి లాక్కున్నాడు. అయినా ఇంకో పది నిమిషాలు ఉంచాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇదంతా ఎక్కడో ఖతర్‌లో జరిగిందని అనుకోకండి. మన హైదరాబాద్ మనిషి, అప్పటి భారత జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఇదే పని అరవై ఏళ్ళ ముందే చేశారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించినవారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, వెనకా ఆడించలేదు, సెమీఫైనల్‌కీ ఫైనల్‌కీ సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టారు. రెండింటిలోనూ గోల్ కొట్టాడు. ఫైనల్‌కి గోల్‌లో జ్వరం నుంచి తేరుకున్న తంగరాజ్‌ని దింపారు. అదే దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం. అక్కడ ఏ పేరు పక్కన ఎవరి పేరు రాసి ఉంటారో కాయలు పెట్టుకుని ఆలోచించండి, ముఖ్యంగా జర్నైల్ ముందుకెళ్తే వెనక చోటు సంగతి.

ఇక మీ పని. ఈసారి కొంచెం ఎక్కువే, మూడు గంటలు పడుతుంది. ఈ వారం ఏదైనా ఒక మ్యాచ్ ఎంచుకోండి, లైనప్ బయటికి రాకముందే మీ పదకొండు మందిని రాయండి, ప్రతి పేరు పక్కనా రెండో పేరుతో సహా. మొదటి సగమంతా మీ జట్టు ఎడమ ఫుల్‌బ్యాక్‌ని మాత్రమే చూడండి. అతను సగం గీత దాటిన ప్రతిసారీ నిమిషం, అతని చోటులోకి వచ్చినవాడి పేరు, ఎవరూ రాకపోతే "ఖాళీ" అని రాయండి. కన్ను బంతి మీదికి పోయిందని తెలిసిన చోట ఒక గీత పెట్టండి, గీతలు పదిహేను దాటితే ఆ సగం మళ్ళీ చూడాలి. అదే సగాన్ని రెండోసారి కుడి మిడ్‌ఫీల్డర్ కోసం చూడండి. 4-3-3, 4-4-2 అన్న అంకెలు ఆ కాగితం మీద ఎక్కడా కనిపించకూడదు. నాకు పంపేటప్పుడు "ఖాళీ" అని రాసిన నిమిషాలన్నిటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపండి, వచ్చే వారం కార్నర్లకి ముందు వాటినే చూద్దాం.