తప్పు పట్టకుండా విషయం చెప్పడం ఎలా?

ముందుగా జరిగినదానిని, దానిపై మనమిచ్చే తీర్పును వేరుచేసుకోవాలి. మాదాపూర్ ఆఫీసులో సహోద్యోగితో "మీరెప్పుడూ ఆలస్యమేనండీ" అంటే, ఆయన తాను వేళకు వచ్చిన రోజులను ఏకరువు పెడతారే తప్ప అసలు సంగతికి రారు. చివర 'అండీ' చేర్చినంత మాత్రాన నింద మర్యాదైపోదు. "ఈ వారం రెండుసార్లు మీటింగు మొదలయ్యాక వచ్చారు, క్లయింటు అడిగినవాటికి ఒక్కడినే జవాబు చెప్పవలసి వచ్చి కంగారుపడ్డాను, నాకు మీ తోడు అవసరం, రేపు పదింటికల్లా రాగలరా?" అని అడిగితే, అమీర్‌పేటలో మెట్రో మారడానికి ఆయన పడుతున్న అవస్థైనా బయటికి వస్తుంది.

అమెరికన్ మనస్తత్వవేత్త మార్షల్ రోజెన్‌బర్గ్ 1960లలో రూపొందించడం మొదలుపెట్టిన పద్ధతిలోని వరుస ఇదే: గమనించినది, కలిగిన భావం, దాని వెనుక అవసరం, స్పష్టమైన విన్నపం. వీటిలో ఎక్కువమంది తడబడేది రెండోదాని దగ్గర. "మీరు నన్ను చులకన చేశారనిపించింది" అనేది భావంలా వినిపించే ఆరోపణ. "బాధ కలిగింది" అనేదే భావం. విన్నపానికి 'కుదరదు' అనే జవాబు వచ్చినా కోపగించుకోకూడదు, లేకపోతే అది ఆజ్ఞే.

పిల్లలతో "బద్ధకస్తుడివి" అనే బదులు "రెండు లెక్కలు మిగిలాయి, ఎక్కడ ఆగిపోయావు నాన్నా?" అనవచ్చు. పొగడ్తకూ ఇదే వర్తిస్తుంది: "తెలివైనవాడివి" అనేకంటే వాడు చేసిన పనేమిటో చెప్పడం మేలు.