32 కలపడం ఆపి టులోయర్ వాడండి

అమీర్‌పేటలో సీ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లలు ఇంగ్లిష్ పెద్ద అక్షరాన్ని చిన్నది చేయాలంటే ముందు చేసే పని 32 కలపడం. అక్షరాలకు నంబర్లిచ్చే ఆస్కీ పట్టికలో పెద్ద ఏ 65, చిన్న ఏ 97 కాబట్టి లెక్క సరిపోతుంది. కానీ అదే లూప్‌లో మన బండి నంబరు టీజీ 09 వేసి చూడండి. టీ, జీ చక్కగా చిన్నవవుతాయి. మధ్యలో ఖాళీ అట్ గుర్తవుతుంది, సున్నా కాస్తా పెద్ద పీ, తొమ్మిది పెద్ద వై అయి కూర్చుంటాయి! నేనూ ఒకప్పుడు ఇలాగే తల పట్టుకున్నాను.

సీటైప్ హెడర్ ఫైల్ చేర్చి, చిన్న అక్షరంగా మార్చే టులోయర్ ఫంక్షన్ వాడితే ఈ టెన్షన్ ఉండదు. పెద్ద అక్షరం కానిదాన్ని అది ముట్టుకోదు. అయితే అది ఒక్కసారికి ఒక్క అక్షరమే తీసుకుంటుంది, మార్చినదాన్ని తిరిగి ఇస్తుందంతే. ఆ విలువను మళ్లీ అదే చోట దాచుకోకపోతే స్ట్రింగ్ ఎప్పటిలాగే ఉంటుంది. సగం మంది తప్పు ఇక్కడే.

ఇంకోటి. టులోయర్‌కి ఇచ్చే ముందు అక్షరాన్ని అన్‌సైన్డ్ క్యార్‌గా, అంటే మైనస్ విలువలు లేని రకంగా మార్చండి. తెలుగు పేరు, అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో వస్తే ఒక్కో బైటూ 127 దాటుతుంది. చాలా కంపైలర్లలో మామూలు క్యార్‌కి అది మైనస్ విలువ. దాన్ని నేరుగా ఇస్తే ఏం జరుగుతుందో సీ ప్రమాణం ఏ హామీ ఇవ్వదు.