పాత బెంజ్ 240డీ డీజిల్ కారుకి ఇంజెక్షన్ పంపు టైమింగ్ (పంపు డీజిల్ కొట్టే సమయం) డ్రిప్ పద్ధతిలో, అంటే చుక్కలు చూసి సెట్ చేయడం

పొద్దున తెల్ల పొగ, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేదు అంటే టైమింగ్ వెనక్కి పోయి ఉండొచ్చు, కానీ ముందు టైమింగ్ చైన్ (క్రాంక్ నుంచి పంపుని తిప్పే గొలుసు) సాగిందేమో చూడండి, సాగితే టైమింగ్ తనే లేట్ అవుతుంది, అప్పుడు పంపు ఒక్కటే తిప్పి లాభం లేదు.

ఒకటో సిలిండర్‌కి పోయే డీజిల్ పైపు తీసి, పంపు మీద ఆ పైపు బిగించే డెలివరీ వాల్వ్ హోల్డర్ విప్పి లోపలి స్ప్రింగు, వాల్వు తీసేసి హోల్డర్ మళ్ళీ బిగించి వంకర పైపు పెట్టండి. దుమ్ము అస్సలు పడకూడదు, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. యాక్సిలరేటర్ లివర్ ఫుల్‌లో కట్టేసి, హ్యాండ్ పంపు కొడుతూ ఇంజిన్‌ని క్రాంక్ బోల్టుతోనే, అదీ తిరిగే దిక్కులోనే మెల్లగా తిప్పండి. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండాలి. ముందు డీజిల్ ధారగా కారుతుంది, తర్వాత సన్నబడి చుక్కలవుతుంది, సెకనుకి ఒక చుక్క దగ్గర ఆపి క్రాంక్ పుల్లీ మీది డిగ్రీల మార్క్ చూడండి, టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైన ఉండే స్థానం) 24 డిగ్రీల ముందు ఉండాలి. దాటిపోతే వెనక్కి తిప్పి సరిపెట్టకండి, రెండు రౌండ్లు తిప్పి మళ్ళీ రండి.

తేడా ఉంటే పంపు నట్లు లూజు చేసి కొంచెం కదిపి మళ్ళీ చుక్కలు చూడాలి. అయ్యాక వాల్వు, స్ప్రింగు మళ్ళీ లోపల పెట్టి హోల్డర్‌ని కొత్త వాషర్‌తో, టార్క్ రెంచ్‌తో (బిగింపు కొలిచే పానా) బిగించండి.