ఎలక్ట్రిక్ సైకిల్ 250 వాట్లు, 25 కిలోమీటర్ల హద్దులో ఉందో లేదో చూసుకోవడం ఎలా

లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని పెడల్ అసిస్ట్ సైకిల్ (తొక్కుతుంటే మోటారు సాయం చేసే సైకిల్) అంటే ఏమిటో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) చెబుతుంది. మోటారు 30 నిమిషాల పవర్ 250 వాట్ల లోపు ఉండాలి. వేగం పెరిగేకొద్దీ మోటారు సాయం తగ్గుతూ వచ్చి గంటకు 25 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోవాలి. తొక్కడం మానేస్తే ఇంకా ముందే ఆగాలి. కొనేటప్పుడే ఆ మోడల్ టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ (పరీక్షా సంస్థ ఇచ్చే ఆమోద పత్రం) కాపీ అడిగి తీసుకోండి.

30 నిమిషాల పవర్ అంటే మోటారు అరగంట పాటు ఏకధాటిగా ఇవ్వగల శక్తి. కంట్రోలర్ (బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటును అదుపు చేసి పంపే పెట్టె) మీద 36 వోల్టులు, 15 ఆంపియర్లు అని ఉంటే బ్యాటరీ నుంచి 540 వాట్ల దాకా లాగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాసేపు వాడుకునే పవర్ అది. దాన్ని చూసి మోటారు 500 వాట్లదని అనుకోవద్దు.

వేగం చూడాలంటే ముందు డిస్‌ప్లే సెట్టింగుల్లో చక్రం సైజు సరిచూడండి. చాలా డిస్‌ప్లేల్లో ఇది పి06, వేగ పరిమితి పి08 కింద ఉంటాయి, అయినా మీ మాన్యువల్ చూసే మార్చండి. 26 అంగుళాల చక్రానికి 20 అని పెడితే డిస్‌ప్లే 25 చూపించేసరికి బండి నిజానికి 32 దాటేసి ఉంటుంది. తర్వాత ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద తొక్కుతూ ఫోన్ జీపీఎస్‌తో పోల్చండి. స్టాండు మీద చక్రం తిప్పి కొలిస్తే లాభం లేదు, బరువు లేకపోవడంతో అది రోడ్డు మీద కంటే బాగా వేగంగా తిరుగుతుంది.

వేగం పెంచడానికి చేసే మార్పుల్లో అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది 36 వోల్టుల బండికి 48 వోల్టుల బ్యాటరీ తగిలించడం. మోటారు తిరిగే వేగం వోల్టేజీని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కానీ 48 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జిలో 54.6 వోల్టులు ఇస్తుంది. 36 వోల్టుల కంట్రోలర్లలో తరచూ 50 వోల్టుల దాకా మాత్రమే తట్టుకునే కెపాసిటర్లే ఉంటాయి. అవి ఉబ్బి పగలొచ్చు, మాస్‌ఫెట్లు (మోటారుకు కరెంటు పంపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) కూడా మాడిపోవచ్చు. కొత్త కంట్రోలర్ కూడా వేస్తే బండి పరుగెడుతుంది గానీ బ్రేకులు, ఫోర్కు మాత్రం పాత వేగానికి చేసినవే. పైగా హద్దు దాటిన బండి చట్టం దృష్టిలో మోటారు వాహనం. థర్డ్ పార్టీ బీమా లేకుండా ఎవరినైనా గుద్దితే పరిహారం మీ జేబులోంచే కట్టాలి.

పిల్లలకు కొనిచ్చే బండి అయితే వేగ పరిమితి పెట్టాక సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టే వీలుందేమో చూడండి.