స్టిక్ లాగక ముందే ఒళ్లు బిగించాలి

దర్యాప్తు నివేదికలు 'పైలట్ పొరపాటు' అని తేల్చేసే ప్రమాదాల్లో కొన్నింటిలో, విమానం నేలను తాకే సమయానికి పైలట్ స్పృహలోనే లేడు. గట్టిగా టర్న్ తిప్పడానికి స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే పిడిని, తన వైపు లాగాడు, మెదడుకు రక్తం అందలేదు. అసలు తప్పు అంతకు ముందు సెకనులో, ఒళ్లు బిగించకుండానే స్టిక్ లాగడంలో ఉంది.

కూర్చున్న మనిషికి గుండె నుంచి కంటి దాకా సుమారు 30 సెంటీమీటర్ల ఎత్తు. అంత పైకి రక్తం ఎక్కాలంటే ఒక్కో జీకి దాదాపు 22 మిల్లీమీటర్ల పాదరసం పీడనం ఖర్చవుతుంది (నేలమీద మామూలు బరువు 1 జీ, 5 జీ అంటే ఒళ్లు ఐదింతలు బరువెక్కడం). గుండె దగ్గర 120 ఉన్నా, 5 జీ వచ్చేసరికి తలలో మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. కంటి లోపల సొంత ఒత్తిడి ఉంటుంది కాబట్టి మెదడు కంటే ముందు చూపు పోతుంది. రంగులు వెలిసిపోతాయి, గొట్టంలోంచి చూస్తున్నట్టు ఇరుకవుతుంది, ఆపైన చీకటి. జీ నెమ్మదిగా పెరిగితేనే ఈ హెచ్చరిక. ఒక్కసారిగా లాగితే మెదడులో నిలవున్న ఆక్సిజన్ నాలుగైదు సెకన్లు నడిపిస్తుంది, తర్వాత చూపు మసకబారకుండానే తల వాలిపోతుంది. సుమారు 12 సెకన్లు స్పృహ ఉండదు, తేరుకోవడానికి ఇంచుమించు ఇంకో అంత పడుతుంది. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ముక్కు కిందికి దించిన విమానం ఈలోగా 5 కిలోమీటర్లు దిగిపోతుంది.

పని నేలమీదే మొదలవుతుంది. గాలితో ఉబ్బి ఒంటిని నొక్కి, రక్తం కిందికి జారకుండా ఆపే జీ-సూట్ పొట్ట, తొడలు, పిక్కల చుట్టూ అతుక్కుని ఉండాలి. మూడు నాలుగు కిలోలు తగ్గినా లేసులు మళ్లీ బిగించాలి. బ్రీఫింగ్ గదిలో హాయిగా ఉంటుందని వదులు చేసిన జిప్పులు అలాగే మరిచిపోయి విమానం ఎక్కడం మామూలు పొరపాటు. గొట్టం తగిలించాక టెస్ట్ బటన్ నొక్కి, పొట్ట దగ్గరా రెండు కాళ్ల దగ్గరా సూట్ ఉబ్బుతోందా లేదా చేత్తో తడిమి చూసుకోవాలి. సూట్ ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర జీ సాయమే. మిగతాది సొంత కండరాలే మోయాలి.

లాగే ముందు తలను ఎటు చూడాలో అటు తిప్పి నిలపాలి. తలా హెల్మెటూ కలిపి 7 కిలోలనుకుంటే 7 జీలో అది 49 కిలోలు. అప్పుడు మెడ తిప్పబోతే పట్టేస్తుంది. తర్వాత పిక్కలు, తొడలు, పిరుదులు, పొట్ట బిగించాలి. రెండు కాళ్లకూ సమానంగా బిగువు రావాలి, ఒక పెడల్ మీదే బరువు పడితే విమానం పక్కకు జారుతుంది. నిండా ఊపిరి తీసుకుని 'హుక్' అనబోయి 'క్' దగ్గర గొంతు మూసేయాలి. ఇదంతా అయ్యాకే స్టిక్.

ప్రతి 3 సెకన్లకు ఊపిరి మార్చాలి. అంతకంటే ఎక్కువ బిగబడితే ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తమే ఆగిపోతుంది. కొంచెం గాలి వదిలి వెంటనే పీల్చుకోవడం ఒక సెకను లోపు అయిపోవాలి. మొత్తం వదిలేస్తే ఆ సెకనులోనే పీడనం జారిపోతుంది. ఇంతసేపూ కాళ్లు మాత్రం సడలకూడదు.

పట్టు తప్పేది ఎక్కువగా మాట వల్లే. రేడియోలో జవాబిచ్చాడంటే గొంతు తెరిచినట్టే. లాగే ముందే చెప్పాలి, లేదా జీ తగ్గాక. ముఖం ఎర్రబడేలా ముక్కడం ఇంకో తప్పు, కండరాల శ్రమంతా మెడలో పోయి కాళ్లు ఖాళీగా ఉంటాయి. విమానం ముక్కు కిందికి నొక్కి, నెగటివ్ జీలో, అంటే ఒళ్లు సీటులోంచి పైకి లేచి రక్తం తలకెక్కే స్థితిలో, కాసేపు ఉండి, వెంటనే స్టిక్ లాగడం మరీ ప్రమాదం. అప్పటికే రక్తనాళాలు వదులై ఉంటాయి, రోజూ తట్టుకునే 5 జీయే అప్పుడు పడగొట్టవచ్చు. రెండు సీట్ల విమానంలో వెనకున్నాయనకు టర్న్ ఎప్పుడొస్తుందో తెలియదు, 'లాగుతున్నా' అని ముందుగా చెప్పడం పైలట్ బాధ్యత.

నీళ్లు తగ్గినా ఇదే గతి. 70 కిలోల మనిషి ఒంట్లోంచి 2 లీటర్లు పోతే జీలో నిలిచే సమయం బాగా పడిపోతుంది, ఎండలో కాక్‌పిట్ మూసుకుని కూర్చుంటే అది పెద్ద లెక్క కాదు. రెండు వారాలు సెలవుపై వెళ్లొచ్చినా ఓపిక తగ్గుతుంది. అందుకే అసలు పనికి ముందు 4 జీలో ఒక టర్న్, కాస్త ఎక్కువ జీలో ఇంకొకటి చేసి ఒంటిని చూసుకోవాలి.

చూపు మసకబారితే ముందు స్టిక్ వదులు చేయాలి, ఒంటి బిగువును మాత్రం సడలించకూడదు. స్పృహ తప్పిందన్న అనుమానం వచ్చినా చాలు, రెక్కలు సమం చేసి ఎత్తు ఎక్కి, ఆ రోజుకు ఆపి తిరిగి రావాలి. చాలామందికి అది జరిగినట్టే గుర్తుండదు కాబట్టి 'నేను బాగానే ఉన్నా' అన్న మాటకు విలువ లేదు.

దిగాక రికార్డింగ్ వినాలి. మాస్క్ మైకులో ఊపిరి చప్పుడు స్పష్టంగా వస్తుంది. మొదటి చప్పుడు జీ అంకె పెరగక ముందే వినబడాలి. ఒక్కో విరామం 3 సెకన్లుందో లేదో గడియారం పెట్టి లెక్కపెట్టాలి. మొదటి టర్న్‌లో 3 ఉండి నాలుగో టర్న్‌కు 5 అయినా, కుక్క రొప్పినట్టు సెకనుకొకటి అయినా, తర్వాతి సార్టీలో, అంటే మళ్లీ ఎగిరేటప్పుడు, జీ పరిమితి తగ్గించి, బిగింపు మళ్లీ సాధన చేయించాలి.