స్పేస్‌బార్ గలగల పోవాలంటే

మెకానికల్ కీబోర్డులో మిగతా కీలన్నీ మెత్తగా పడుతూ స్పేస్‌బార్ ఒక్కటే గలగలమంటుంటే, కీల కింద ఉండే స్విచ్‌లు మార్చే ఖర్చు పెట్టుకోవద్దు. ఆ చప్పుడు చాలావరకు దాని కిందుండే స్టెబిలైజర్ తీగది, అంటే పొడవాటి కీ రెండు పక్కలా సమంగా దిగేలా చూసే తీగది.

కేబుల్ పీకేసి, కీక్యాప్‌ను (కీ పైన ఉండే ప్లాస్టిక్ మూత) వైరు పుల్లర్‌తో, అంటే దాన్ని ఊడదీసే తీగ పనిముట్టుతో, రెండు పక్కలా సమంగా పైకి లాగండి. తీగ కొసలు ప్లాస్టిక్ కాడలోకి దూరే చోట, మొద్దు సూది ఉన్న 1 మి.లీ. సిరంజితో డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పెట్టండి. ఒక్కో వైపు జొన్నగింజంత చాలు. కాడను 20 సార్లు నొక్కి వదిలితే లోపల పరుచుకుంటుంది. ఎక్కువైతే కీ బురదలో దిగబడినట్టు నిదానంగా లేస్తుంది, దూదిపుల్లతో తుడిచేయండి. అప్పటికీ ఒకవైపే మోగుతుంటే తీగ వంకరపోయినట్టే. బయటికి తీసి అద్దం మీద పెట్టి, పైకి లేచిన కొసను కొద్దికొద్దిగా వంచి సరిచేయండి.

కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె మాత్రం వద్దే వద్దు. అనంతపురం ఎండలకు పల్చబడి స్విచ్‌ల్లోకి కారతాయి, కిటికీలోంచి వచ్చే దుమ్ము అంటుకుని జిగురవుతుంది. కొబ్బరినూనె చలికాలం తెల్లారుజామున గడ్డ కూడా కడుతుంది. స్విచ్‌ల లోపలికైతే క్రైటాక్స్ 205జీ0 అనే గ్రీజు, సన్న బ్రష్‌తో పైపైన. టిక్కుటిక్కుమనే నీలం స్విచ్‌లకు అదీ పూయకండి, ఆ శబ్దమే చచ్చిపోతుంది.